మా మండలానికో హ్యాకర్

"నేటి నుంచి ఈ మండలం హ్యాకర్ రహిత మండలం" అని మంత్రి సారంగపాణి గారు మా తునికిబండలో ప్రకటించినప్పుడు నేను ముందు వరుసలో మూడో కుర్చీలో ఉన్నాను. మొదటి చప్పట్లు నావే. మర్నాడు పేపర్లో వచ్చిన ఫొటోలో మంత్రిగారి మోచేతి కింద కనిపించే బట్టతల కూడా నాదే.

పినపాక నుంచి లోపలికి పన్నెండు కిలోమీటర్లు వస్తే మా ఊరు. ఆనాటికి ఇక్కడ ఇంటర్నెట్ లేదు. ఫోన్ మాట్లాడాలంటే నీళ్ల ట్యాంకు మెట్లు సగం దాకా ఎక్కాలి. ఇలాంటి చోట హ్యాకర్లను నిర్మూలించాలన్న ఆలోచన రావడానికి ఎంత ముందుచూపు కావాలో పాఠకులే ఊహించుకోవచ్చు. హ్యాకర్లు ఉన్న చోట మొదలుపెడితే ఆ పని ఎప్పటికి తేలుతుంది? మంత్రిగారు హ్యాకర్లు లేని చోటి నుంచి మొదలుపెట్టారు.

ఈ మహత్కార్యానికి సాధనంగా మా ఊరికి యూనివర్సిటీ వారి అధ్యయన కేంద్రం మంజూరైంది. సైబర్ సెక్యూరిటీ, కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లో ఏడాది పీజీ డిప్లొమా. పాత తునికాకు గోదాముకు సున్నం వేసి బోర్డు కట్టారు. ఇక విద్యార్థులే తరువాయి.

పార్టీ మండల అధ్యక్షుడు కోటేష్ ఒక పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు.

"సాంబమూర్తి సార్, నువ్వు డిగ్రీ చదివినవ్ గదా?"

"బీకాం. నలభై ఏండ్ల కింద."

"గది చాలు. ముప్పై తొమ్మిది మందైన్రు. నలభై కాకపోతే సెంటర్ వాపస్ పోతదట."

"నాకు అరవై మూడేండ్లు కోటేష్."

"అయితేంది సార్? పినపాక ఏటీఎం కాడ సెక్యూరిటీల కూసున్నాయనకు అరవై ఐదు."

బొగ్గు కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా ఎందరో యూనియన్ నాయకులతో వాదించినవాణ్ని. ఈ వాదనకు మాత్రం లొంగిపోయి సంతకం పెట్టాను.

నిజం చెప్పాలంటే, నా భార్య రోజారాణి పోయి మూడేళ్లయింది. ఇంట్లో నన్ను ప్రశ్నలు అడిగేవాళ్లు లేరు. కాలేజీలో అయితే పొద్దున్నే హాజరులో ఒకసారైనా పేరు పిలుస్తారు కదా అనుకున్నాను. ఏడాదంతా నా హాజరు నూటికి తొంభై ఎనిమిది. మార్కుల సంగతి తర్వాత చెబుతాను.

నలభై కంప్యూటర్లు వచ్చాయి. అట్టపెట్టెల్లో వచ్చాయి, అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఎందుకంటే వాటి సీలు మంత్రిగారు స్వహస్తాలతో తీయాలి. మా లెక్చరర్ నాగలత మేడం తిరుమలాయపాలెం నుంచి వచ్చిన అమ్మాయి. ఎంటెక్ చదివింది, కాంట్రాక్టు ఉద్యోగం. మొదటి రోజే ఆమె అడిగింది.

"కంప్యూటర్లు ముట్టకుండ నెట్‌వర్కింగ్ ఎట్ల చెప్పాలె కోటేష్ గారూ?"

"సీల్ తీస్తే లోపలికి వైరస్ పోతది మేడం. సెక్యూరిటీ అంటే గదే గద."

మేడం సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. ఆ రోజు నుంచి ప్రతి నెలా మా కేంద్రం హైదరాబాదుకు పంపే నివేదికలో "కంప్యూటర్లపై దాడులు: సున్నా" అని ఉండేది. రాష్ట్రంలో ఇంకే కాలేజీ ఈ రికార్డును సాధించలేదు.

మేడం పాఠం మాత్రం ఆపలేదు. మమ్మల్నే కంప్యూటర్లుగా, రూటర్లుగా కూర్చోబెట్టి, చీటీలనే డేటాగా ఒకరి నుంచి ఒకరికి పంపించేది. ఒకరోజు మనిషి గుర్తింపు గురించి చెబుతుంటే నేను మా లాంప్ రూం సంగతి చెప్పాను. గనిలోకి దిగేవాడు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ మాకిచ్చి లాంపు తీసుకుంటాడు. పైకొచ్చి లాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు దిగాక మా బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క.

"ఆథెంటికేషన్ అంటే ఇదే" అంది మేడం క్లాసు వైపు తిరిగి. "నేను రెండు వారాల సంది మొత్తుకుంటున్న. ఈయన ముప్పై ఏండ్లు చేసిండు."

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ శనివారం పరీక్షలో యాభైకి పదకొండు వచ్చాయి.

అయినా ఆ గౌరవంతో నన్ను ఫైర్‌వాల్‌గా నియమించారు. పని తేలికే. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, నంబరు లేని చీటీని లోపలికి పోనివ్వకూడదు. గుమ్మంలో గాలి బాగా వచ్చేది. నేను మొదటి రోజే విఫలమయ్యాను. నంబరు లేకుండా ఒక చీటీ వచ్చింది. "తాతా, అన్నం తిని రెండు రోజులైంది, జర లోపలికి రానీ" అని ఉంది అందులో. రానిచ్చాను. క్లాసంతా నవ్వింది.

"మీరు ఫైర్‌వాల్ సాంబమూర్తి గారూ, సత్రం కాదు" అంది మేడం.

"పాపమనిపించింది మేడం."

"పాపమనిపించుడే ఫిషింగ్."

ఆ చీటీ రాసింది సారక్క. ఇరవై మూడేళ్ల కోయ అమ్మాయి. వాగవతలి గూడెం నుంచి రోజూ ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చేది. మా నలభై మందిలో ఈ చదువు నిజంగా చదువుతున్నది ఆమె ఒక్కతే. పుస్తకంలో ఉన్నదాన్ని తన రెండువేల ఐదొందల రూపాయల ఫోన్లో చేసి చూసుకునేది. ఖమ్మంలో సైబర్ మోసాల బాధితులకు సాయం చేసే కేంద్రం ఒకటి పెడుతున్నారు. అందులో ఉద్యోగానికి ఆమె ఎంపికైంది. మార్చి ముప్పై ఒకటిలోగా డిప్లొమా సర్టిఫికెట్ చూపిస్తే ఉద్యోగం, లేకపోతే వెనక ఉన్నవాళ్లకు పోతుంది. ఆ తేదీని ఆమె నోటుబుక్కు అట్ట మీద ఎర్ర సిరాతో రాసుకుంది. దాంతో ఆ తేదీ మా అందరికీ కంఠతా వచ్చింది.

ఒకసారి మేడం పాస్‌వర్డ్‌ల హోంవర్కు ఇచ్చింది. బలహీనమైనవి మార్చుకుని రావాలి. సారక్క నా ఫోన్ చూసి తల పట్టుకుంది.

"భార్య పేరు, పక్కన పెండ్లయిన సంవత్సరం. తాతా, ఇది తలుపు లేని ఇల్లు."

"దొంగిలించడానికి లోపలేముంది?"

"అయినా మార్చుకో."

మార్చాలనే కూర్చున్నాను. కానీ పొద్దున లేవగానే నా వేలు మొదట రాసేది ఆ పేరే. మూడేళ్లుగా ఆ పేరు నాకు ఇంకెక్కడా రాయవలసిన అవసరం పడలేదు. మర్నాడు ముప్పై తొమ్మిది మంది మార్చుకొచ్చారు. మేడం నా ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది. నా పేరు ఎదురుగా "పరిశీలనలో ఉంది" అని రాసింది. నా జీవితంలో ఇంత మర్యాదగా నన్నెవరూ ఫెయిల్ చేయలేదు.

ఇంతలో గోదాము పైకప్పు మీదికి ఇంటర్నెట్ వచ్చింది. దానితో వచ్చిన రూటరుకు సీలు లేదు కాబట్టి అది పనిచేసింది. ఈ సందర్భంగా కోటేష్ మా కేంద్రం గుమ్మం ముందు నల్ల గ్రానైటు శిలాఫలకం నిలబెట్టాడు. మంత్రిగారి పేరు జానెడు అక్షరాలలో, కోటేష్ పేరు బెత్తెడు అక్షరాలలో. అందరికంటే కింద, "వైఫై పాస్‌వర్డ్: సారంగపాణి, ఒకటి, రెండు, మూడు." ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కించి బంగారు రంగు పూయించాడు.

మేడం దాని ముందు చాలాసేపు నిలబడింది.

"పాస్‌వర్డ్‌ను బండ మీద చెక్కిచ్చిండ్రా?"

"పారదర్శకత మేడం. మన సర్కారుల దాపరికం లేదు."

"ఇది మార్చాలె."

"ఇది మార్చాలంటే బండ మార్చాలె. బండ మార్చాలంటే టెండర్ పిలవాలె. మంత్రిగారి పేరు తీసేయాలని కాయిదం మీద మీరు సంతకం పెడ్తరా?"

కాంట్రాక్టు లెక్చరర్ సంతకం పెట్టలేదు.

కానీ ఆ బండ వల్ల జరిగిన మేలు చెప్పకపోతే నేను కృతఘ్నుణ్ని. సాయంత్రమయ్యేసరికి ఊరంతా దాని చుట్టూ చేరేది. రేషన్ షాపులో వేలిముద్ర మిషను మొదటిసారి పనిచేసింది. పక్కనే టీ హోటల్ నడిపే గులాం రసూల్ భార్య ఖుద్సియా బీ కొత్తగూడెంలో ఉన్న మనవరాలి ముఖం రోజూ చూసేది. చూస్తూ నాకిచ్చే టీలో చక్కెర రెండుసార్లు వేసేది. మంత్రిగారి పేరు రోజుకు రెండు వందల సార్లు జనం తమ చేతులతో రాశారు. ఇంతటి ప్రజాదరణ ఏ నాయకుడికి ఉంది?

ఫిబ్రవరిలో కేంద్రానికి అధికారిక ప్రారంభోత్సవం పెట్టారు. మంత్రిగారు హైదరాబాదు నుంచే తెర మీద కనిపించి మాట్లాడతారు. పదిన్నరకల్లా అది ముగిస్తే, పదకొండు గంటలకు మా ప్రాక్టికల్ పరీక్ష. యూనివర్సిటీ నుంచి ఒక్కటే ప్రశ్న వచ్చింది. "మీ కేంద్రం నెట్‌వర్క్‌లో ఒక బలహీనతను గుర్తించి, నిరూపించి, నివేదిక రాయండి."

మంత్రిగారు తెర మీదికి వచ్చేసరికి పదకొండుంబావు అయింది. పరీక్ష మాత్రం పదకొండుకే మొదలైంది. యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడికి మధ్యాహ్నం బస్సు ఉంది.

సారక్క మేడం దగ్గర అనుమతి చీటీ మీద సంతకం తీసుకుంది. బయటికి వెళ్లి బండ చదివింది. రూటరు లోపలి సెట్టింగుల్లోకి పోవడానికి కూడా అదే పాస్‌వర్డ్. ఫోన్లోంచి లోపలికి వెళ్లి, పదకొండూ ఇరవైకి ఇంటర్నెట్‌ను రెండు నిమిషాలు ఆపి, మళ్లీ వదిలింది. వచ్చి కూర్చుని నివేదిక రాసుకుంది.

సరిగ్గా పదకొండూ ఇరవైకి బయట పందిట్లో మంత్రిగారు "ఈ నెట్‌వర్క్‌ను ప్రపంచంలో ఎవ్వడూ" అన్నారు. చూపుడువేలు పైకెత్తి, నోరు తెరిచి, అలాగే ఆగిపోయారు. జనం ఇది చప్పట్ల కోసం ఇచ్చిన విరామం అనుకున్నారు. కొట్టడం మొదలుపెట్టారు. మంత్రిగారు వేలు దించితే కానీ ఆపడం మర్యాద కాదని కోటేష్ రెండు నిమిషాలూ ఆపలేదు. అరచేతులు ఎర్రబడ్డాయని తర్వాత నాకు చూపించాడు.

తెర మళ్లీ కదిలాక, లోపలి నుంచి ఎవరో కావాలనే ఇంటర్నెట్ ఆపారన్న విషయం హైదరాబాదుకు తెలిసింది. అక్కడి నుంచి మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు. కోటేష్ తిట్లకు సిద్ధపడి స్పీకర్ ఆన్ చేశాడు. పీఏ గొంతులో సంతోషం పొంగుతోంది.

సంగతేమిటంటే, కిందటి నెల సమీక్షలో ఆర్థిక శాఖ వారు మంత్రిగారిని ఒక ప్రశ్న అడిగారట. హ్యాకర్ రహిత మండలంలో హ్యాకర్లు కిందటేడు ఎందరు? సున్నా. ఈ ఏడు ఎందరు? సున్నా. అయితే ప్రగతి? సున్నా శాతం. పథకం రద్దయ్యే స్థితి. నిర్మూలించడానికి ముందు కనీసం ఒక్క హ్యాకర్ కావాలి. వాణ్ని బేస్‌లైన్ అంటారట.

"దేవుడు పంపిండు కోటేష్" అన్నాడు పీఏ. "సాయంత్రం లోపల హ్యాకర్‌ను పట్టుకోవాలె. పేరు పేపర్లకు ఇస్తం. ఎఫ్ఐఆర్ గిట్ల గట్టిగ ఉండాలె."

కోటేష్ మా పరీక్ష గదిలోకి వచ్చాడు, వెనకే ఎస్సై హాతీరాం గారు.

"ఇంటర్నెట్ ఆపింది ఎవరు?"

సారక్క ముందు తన నోటుబుక్కు అట్ట వైపు చూసింది. తర్వాత బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేవబోయింది. సాయంత్రంలోగా హ్యాకర్ కావలసినవాళ్లు మేడం సంతకం పెట్టిన అనుమతి చీటీని చూడరు. ఎఫ్ఐఆర్‌లో పేరున్న పిల్లను ఖమ్మంలో ఆ కేంద్రం మెట్లు కూడా ఎక్కనివ్వరు.

నేను ఆ సమయానికి నిలబడే ఉన్నాను. దీంట్లో సాహసమేమీ లేదు. ఎక్కువసేపు కూర్చుంటే నాకు మోకాళ్లు పట్టేస్తాయి.

"నేనే" అన్నాను.

కోటేష్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వా సార్? మొన్న నీ ఫోన్ల టార్చి ఆర్పనీకి నన్ను ఇంటికి పిలిపించుకున్నవ్."

"అదంతా నటన కోటేష్."

"నిజంగనా?"

"ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, డీఫాల్ట్ గేట్‌వే" అన్నాను కళ్లు మూసుకుని. పదకొండు మార్కుల్లో నాలుగు వాటికే వచ్చాయి. "డీఎన్ఎస్."

ఎస్సైగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

మేడం ఏదో చెప్పబోయింది. నేను ఆమె వైపు చూసి, "నా హోంవర్కు ఇంకా పరిశీలనలోనే ఉంది కదా మేడం" అన్నాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

పోలీసు స్టేషన్లో నాకు ఫ్యాను కింద కుర్చీ వేశారు. ఇడ్లీ తెప్పించారు. హాతీరాం గారు గొంతు తగ్గించి అడిగారు. "సార్, మా బామ్మర్ది పెట్టిన వాట్సాప్ గ్రూపుల నుంచి వానికి తెల్వకుంట బయటికి రావొచ్చా?" అన్నీ తెలిసిన హ్యాకర్‌లాగా గంభీరంగా తలూపి, "చాలా కష్టం" అన్నాను. నాకు నిజంగా తెలియదు. ఆయన నిట్టూర్చి తలూపారు.

కానిస్టేబుల్ నా ఫోనుకు పంచనామా రాశాడు. పాస్‌వర్డ్ అడిగాడు. చెప్పాను. స్పెల్లింగు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

మధ్యాహ్నం సారక్క వచ్చింది. మోదుగాకు దొన్నెలో రేగు పండ్లు తెచ్చింది.

"తాతా, నేను పోయి చెప్పేస్త."

"చెప్తే ఇద్దరం హ్యాకర్లమైతం. వాళ్లకు కావలసింది ఒక్కరే."

"నా ప్రాక్టికల్ నువ్వు కొట్టేసినవ్."

"మార్కులు నీకే. పేరొక్కటే నాది."

"నీకు వైఫై కనెక్ట్ చేసుకునుడే రాదు" అంది సారక్క. దొన్నె నా వైపు జరిపింది.

కేసు పెట్టే విషయంలో ఒక చిక్కు వచ్చింది. కేసు పెడితే కోర్టుకు పోవాలి, కోర్టులో బండ చూపించాలి, బండ మీద మంత్రిగారి పేరుంది. హాతీరాం గారు పాతికేళ్లుగా ఈ అడవి అంచున పనిచేస్తున్నారు. ఆయనకు తెలిసిన మార్గం ఆయన చెప్పారు. "లొంగుబాటు పెడదాం సార్. టెంటు, బ్యానరు, కుర్చీలు అన్నీ మన దగ్గర ఉన్నయ్. అక్షరాలు మార్చుకుంటే అయిపాయె."

అలా రాష్ట్రంలో మొట్టమొదటి హ్యాకర్ లొంగుబాటు జరిగింది. ఈసారి మంత్రిగారు స్వయంగా వచ్చారు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి నా ఆయుధాలు వరుసగా పేర్చారు. ఒక ఫోను, ఒక చార్జరు. బల్ల బోసిగా ఉందని నా టిఫిన్ బాక్సు కూడా పెట్టారు. "దారి తప్పిన నేను జనజీవన స్రవంతిలో కలుస్తున్నాను" అని రాసిన కాగితం నాచేత చదివించారు. మూడేళ్లుగా ఆ స్రవంతి ఎటు పారుతోందో నాకు తెలియదు. ఇంతమంది వచ్చి పిలిచి కలుపుకుంటుంటే కాదనలేకపోయాను.

మంత్రిగారు శాలువా కప్పారు. పునరావాసం కింద కుట్టుమిషను ఇచ్చారు. స్టాకులో అదే ఉందట.

ఒక విలేకరి అడిగాడు. "మీ ముఠాలో ఎంతమంది?"

"ఇప్పుడు ఒక్కణ్నే. అంతకుముందు ఇద్దరం."

మర్నాడు పేపర్లో "పరారీలో రెండో హ్యాకర్" అని వచ్చింది. మంత్రిగారు వచ్చే ఏటి లక్ష్యం కూడా దొరికిందని ఆనందించారట. ఈ ఏటి నివేదికలో హ్యాకర్లు ముందు ఒకరు, తర్వాత సున్నా, ప్రగతి నూరు శాతం.

మార్చి ఇరవై ఐదున ఫలితాలు వచ్చాయి. సారక్కకు యాభైకి నలభై ఎనిమిది. "బలహీనత: గుమ్మం ముందు బండ" అని ఒకే వాక్యంతో ఆమె నివేదిక మొదలైందట. నాకు ఆరు. పరీక్షకుడు పక్కన రాశాడు, "అభ్యర్థికి వైఫైకి కనెక్ట్ కావడం రాదు." ఇది చూసి కోటేష్ కంగారుపడి హైదరాబాదుకు ఫోన్ చేశాడు. "ఫెయిలైనోడు హ్యాకర్ ఎట్లయితడని ఎవరన్న అడిగితే?" పీఏ, "ఫెయిలైతేనే పేపరోళ్లు నమ్ముతరు" అన్నాడు.

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున సారక్క సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఖమ్మం బస్సెక్కింది. కిటికీలోంచి, "తాతా, ఎవడన్న పాపమనిపించేటట్టు మెసేజ్ పెడితే ముందు నాకు ఫోన్ చెయ్" అంది.

ఏప్రిల్లో సెంటర్ ముందు మళ్లీ టెంటు వేశారు. కోటేష్ నన్ను చెయ్యి పట్టి ముందుకు తీసుకెళ్లాడు.

"సార్, పాత పాస్‌వర్డ్ వీక్ ఉన్నదని పైనుంచి చెప్పిన్రు. టెండర్ పిలిచినం, కొత్త బండ పెట్టినం. ఈసారి లోకంల ఎవ్వడు కనిపెట్టలేడు."

"అంత గట్టిదా?"

"హ్యాకర్ తన సొంతానికి పెట్టుకున్నదానికంటే గట్టిది ఏముంటది సార్? పంచనామాల దొరికింది."

మంత్రిగారు తెర లాగారు. నల్ల గ్రానైటు మీద ఆయన పేరు జానెడు, కోటేష్ పేరు బెత్తెడు. కింద బంగారు రంగు అక్షరాల్లో రోజారాణి, పక్కన పంతొమ్మిది వందల తొంభై ఒకటి. నేను చప్పట్లు కొట్టడం కొంచెం ఆలస్యమైంది.

సాయంత్రం ఎప్పటిలాగే ఊరంతా బండ చుట్టూ చేరింది. ఆటోవాళ్లు, రేషన్ డీలరు, గూడెం ఆడవాళ్లు, అందరూ తలలెత్తి చూసి, తలలు వంచి ఆ పేరు రాసుకుంటున్నారు. ఖుద్సియా బీ టీ గ్లాసు నా చేతికిచ్చి, ఫోన్ ముందుకు చాపింది.

"సార్, నా కండ్లకు ఆనుతలేదు. ఏముందో జర చదువు."

ఒక్కో అక్షరం చదివాను. ఆమె ఒక్కో అక్షరం నొక్కింది. తెర మీద మనవరాలు నవ్వుతూ కనిపించింది.

"అయిపాయె సార్, కలిసింది" అంది ఖుద్సియా బీ.

నేను ఇంకోసారి చదివాను.